బీపీ చూసే చోటే నిద్ర సంగతీ అడగండి

నేను అడగబోయేది చాలా చిన్న పని. మాజీ సైనికుడు మందుల కోసం ఆసుపత్రికి వచ్చినప్పుడు, చేతికి బీపీ పట్టీ చుట్టే ఆ రెండు నిమిషాల్లోనే, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా? పీడకలలు వస్తున్నాయా?" అని తెలుగులో అడగాలి. దీనికి వేరే గది అక్కర్లేదు, వేరే బోర్డు అసలే వద్దు. ఇంత చిన్న పనికి ఇంత పొడుగు వ్యాసం ఎందుకంటే, ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడంతో మా మేనమామ బతుకులో మంచి వయసంతా పోయింది. మా అత్తది కూడా.

మాది విజయనగరం వైపు పల్లెటూరు. ఉత్తరాంధ్రలో ఏ ఊరికెళ్లినా "మిలట్రీ ఆయన" అని పిలిపించుకునే మనిషి ఒకరైనా ఉంటారు. పొలం చాలక, ఇంటర్ తర్వాత చదువు సాగక, ఉద్యోగమంటే సైన్యమే అనుకుని వెళ్లినవాళ్లు. రిటైరయ్యాక వాళ్లలో చాలామంది విశాఖలోనే స్థిరపడతారు. నేవీ ఆసుపత్రి, క్యాంటీన్, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) క్లినిక్, పిల్లల చదువులు, గాజువాక, మర్రిపాలెం వైపు సెక్యూరిటీ ఉద్యోగాలు, అన్నీ ఇక్కడే. మా మామయ్య కూడా అలాగే వచ్చి ఒక బ్యాంకులో గార్డుగా చేరాడు. అంతకుముందు ఆయన శ్రీలంక వెళ్లిన భారత శాంతి సేనలో ఉన్నాడు.

ఈ తరం పిల్లలకు ఆ యుద్ధం పెద్దగా తెలియదు. 1987 జులైలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నాక మన సైన్యం అక్కడికి వెళ్లింది, తమిళులకు శ్రీలంక సైన్యానికి మధ్య శాంతి కాపాడటానికి. అక్టోబరు వచ్చేసరికి తమిళ పులుల సంస్థ ఎల్టీటీఈతోనే యుద్ధం చేయాల్సి వచ్చింది. జాఫ్నా పట్నాన్ని పట్టుకోవడానికే వారాల తరబడి పోరాడారు. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. ఆఖరి దళం మద్రాసులో దిగినప్పుడు అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. రాజకీయంగా ఆయన కారణాలు ఆయనకు ఉండొచ్చు. ఓడ దిగిన కుర్రాళ్లకు మాత్రం, తాము చేసి వచ్చిన పని ఎవరికీ అక్కర్లేదని అర్థమైంది. కార్గిల్ నుంచి వచ్చినవాళ్లకు ఊరూరా దండలు వేశాం. వీళ్లు పెట్టె పట్టుకుని రైలెక్కి ఎవరి ఊరికి వాళ్లు పోయారు.

మామయ్య ఆ యుద్ధం గురించి మాకెప్పుడూ చెప్పలేదు. మాకు కనిపించినవి వేరే. పెళ్లికి వెళితే ఫంక్షన్ హాల్లో గోడకి వీపు ఆనించి, గుమ్మం కనిపించే కుర్చీ చూసుకుంటాడు. ఆ కుర్చీ దొరక్కపోతే భోజనం చేయకుండానే వచ్చేస్తాడు. పైపుల కోసం రోడ్డు తవ్వి మట్టి కప్పేసి ఉంటే ఆ కొత్త మట్టి మీద అడుగు వేయడు, రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడుస్తాడు. భీమిలి వైపు బస్సులో వెళ్తుంటే తాటితోపు రాగానే తల దించేసుకుంటాడు. ఎండాకాలంలో మా అత్త ముంజలు కొనడమే మానేసింది. చాలా ఏళ్లకు గానీ మాకు సంగతి తెలియలేదు. జాఫ్నా ద్వీపకల్పం నిండా తాటిచెట్లేనట. వీళ్ల మీద కాల్పులు మొదలైంది ఒక తాటితోపులోంచి. ముందు నడుస్తున్న స్నేహితుడు కాలు పెట్టింది కొత్తగా కప్పిన మట్టి మీద.

ఇంకొకటి చెప్పాలి. మా అత్త ఆయన్ని తాకి నిద్ర లేపదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి భుజం తట్టబోతే గొంతు పట్టుకున్నాడట. ఆ తర్వాత మెలకువ వచ్చి, ఏం చేశాడో చూసుకుని వణికిపోయాడట. అప్పట్నుంచి గుమ్మంలోనే నిలబడి "ఏమండీ, తెల్లారింది" అని రెండు మూడుసార్లు పిలుస్తుంది, కళ్లు తెరిచాడని చూసుకున్నాకే లోపలికి వెళ్తుంది. యుద్ధం నుంచి వచ్చినవాళ్ల కుటుంబాలకు డాక్టర్లు సరిగ్గా ఇదే చెబుతారని నేను తర్వాత చదివాను. దూరం నుంచి పిలవండి, ముట్టుకోకండి అని. ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనకు తనే నేర్చుకుంది. అందుకు ఆమె పడ్డ కష్టం ఏ ఫారంలోనూ ఉండదు.

నిద్ర పట్టక మామయ్య క్యాంటీన్ రమ్ముకి అలవాటు పడ్డాడు. వీధిలో ఆయనకు వచ్చిన పేరు "తాగుబోతు మిలట్రీ". అత్త సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది, కొండ మెట్లన్నీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కింది. నిద్ర పట్టడం లేదని ఆయనే ఒకసారి ఒక ఆసుపత్రికి వెళ్తే, ఎందుకు పట్టడం లేదని అడగకుండా ఆల్ప్రజోలం అనే నిద్రమాత్ర రాసిచ్చారు. అదే చీటీ మీద ఏళ్ల తరబడి మందుల షాపులో కొనుక్కున్నాడు. పైన రమ్ము. ఆ రెండూ కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఆయన బతికి ఉండటం మా అదృష్టం.

ఈ జబ్బు పేరు పీటీఎస్‌డీ. పేరు కన్నా అది పని చేసే తీరు అర్థం చేసుకోవడం ముఖ్యం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన ఒళ్లు చేసే పని ఒకటుంది. గుండె వేగం పెరుగుతుంది, చెవులు రిక్కించుకుంటాయి, నిద్ర పారిపోతుంది. ఆ క్షణంలో అదే మనల్ని కాపాడుతుంది. చాలామందిలో ప్రమాదం దాటాక మెల్లగా తగ్గిపోతుంది. కొందరిలో తగ్గదు. జరిగిపోయినది జరిగిపోయినట్టు మెదడులో సర్దుకోదు. ఒక చప్పుడో, ఒక వాసనో, ఒక చెట్టో చాలు, అప్పటిది ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్లంతా లేస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి మనిషి ఆ చెట్టుని, ఆ దారిని, ఆ మాటని, చివరికి మనుషుల్నే తప్పించుకోవడం మొదలుపెడతాడు. తప్పించుకున్నప్పుడల్లా కాస్త ఊరట. ఆ ఊరటే జబ్బుని ముదరబెడుతుంది, ఎందుకంటే ఈ తాటిచెట్టు వెనక ఎవరూ లేరని తెలుసుకునే అవకాశం ఆ మనిషికి ఎప్పటికీ రాదు.

యుద్ధానికి వెళ్లిన ప్రతివాళ్లకూ ఇది వస్తుందని నేను అనడం లేదు. ఎక్కువమంది మామూలుగానే ఉంటారు. వాళ్లని జాలిగా చూడటం కూడా తప్పే. కానీ వచ్చినవాళ్లని కనిపెట్టడం కష్టమైన పని కాదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఐదు ప్రశ్నల చిన్న పట్టిక వాడతారు. జీవితంలో భయంకరమైన సంఘటన ఏదైనా ఎదురైందా అని ముందు అడుగుతారు. అవునంటే, గడిచిన నెల రోజుల గురించి ఐదు ప్రశ్నలు. దాని గురించి పీడకలలు వచ్చాయా, లేదా వద్దనుకున్నా ఆలోచనలు వచ్చాయా? దాన్ని తలుచుకోకుండా ఉండటానికి, గుర్తుచేసే చోట్లకు వెళ్లకుండా ఉండటానికి గట్టిగా ప్రయత్నించారా? ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉన్నారా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడ్డారా? మనుషులకీ పనులకీ దూరమైనట్టు, మొద్దుబారినట్టు అనిపించిందా? జరిగినదానికి మిమ్మల్ని మీరో, ఇంకొకరినో నిందించుకోవడం ఆపలేకపోతున్నారా? మూడింటికి అవునంటే డాక్టరు కూర్చుని వివరంగా మాట్లాడాలి. జబ్బు ఉందని దానితోనే తేల్చేయకూడదు, మాట్లాడటం మొదలుపెట్టడానికి మాత్రం అది చాలు. మా మామయ్యని పాతికేళ్ల క్రితం ఎవరైనా ఇవి అడిగి ఉంటే, నిజం చెప్పి ఉంటే, ఐదింటికీ అవుననే వచ్చేది.

"నిజం చెప్పి ఉంటే" అన్నది ఊరికే అనలేదు. సర్వీసులో ఉన్నవాడు నిజం చెప్పడు. సైన్యంలో ఆరోగ్యాన్ని షేప్ అనే పద్ధతిలో కొలుస్తారు. అందులో మొదటి అక్షరం ఎస్, మనసు సంగతి. కాలు విరిగి కేటగిరీ తగ్గితే అందరూ అయ్యో అంటారు. ఎస్ తగ్గిందంటే ప్రమోషన్ పోతుందనీ, చేతికి తుపాకి ఇవ్వరనీ, బారక్‌లో "సైకియాట్రిక్ కేసు" అని పేరు పడుతుందనీ జవాను టెన్షన్. అందుకని నోరు మూసుకుని రోజులు లెక్కపెట్టి బయటికి వస్తాడు. బయటికి వచ్చాక ఇక్కడ ఇంకో గోడ. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరు ఎలా వాడతారో, ఇక్కడ చినవాల్తేరు పేరు అలా వాడతారు. బ్రిటిషు కాలం నుంచి ఉన్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అది. ఈ ప్రాంతంలో బీదాబిక్కీ అందరికీ దిక్కు. అయినా దాని గేటు దగ్గర తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న భయంతో ఆటో దిగకుండానే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు.

అందుకే వేరే బోర్డు వద్దంటున్నాను. బీపీకి, షుగరుకి అందరూ కూర్చునే వరసలోనే ఆ ఐదు ప్రశ్నలూ అడగాలి. ఈసీహెచ్ఎస్ 2003లో మొదలైంది. మాజీ సైనికులు నెలనెలా మందులకు వచ్చే చోటు అది. సిగ్గుపడకుండా అడుగుపెట్టే గుమ్మం ఇప్పటికే ఉంది కదా, ఆ గుమ్మంలోనే అడిగితే సరిపోతుంది.

దీనికి నేను తరచూ వినే అభ్యంతరం, ఇదంతా అమెరికా జబ్బు అని. మన ఉమ్మడి కుటుంబాల్లో, మన దేవుడి నమ్మకాల్లో ఇలాంటివి ఉండవట. కురుక్షేత్రం గెలిచాక ధర్మరాజు ఏమన్నాడు? ఈ గెలుపు నాకు ఓటమిలా ఉంది, రాజ్యం వద్దు, అడవికి పోతానన్నాడు. తమ్ముళ్లు, ద్రౌపది, వ్యాసుడు, కృష్ణుడు ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఆయనతో మాట్లాడారు. చివరికి అంపశయ్య మీదున్న భీష్ముడి దగ్గరికి తీసుకెళ్లారు. "మగాడివి, ధైర్యంగా ఉండు" అని ఒక్క ముక్కతో ఎవరూ తేల్చేయలేదు. మన మామయ్యలకు మనం చెప్పింది మాత్రం ఆ ఒక్క ముక్కే.

పాశ్చాత్య దేశాలేమీ మొదట్నుంచీ దయగా చూడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో "షెల్ షాక్" (ఈ జబ్బుకి అప్పటి పేరు) గురించి రాశాడు. అదే యుద్ధంలో పారిపోయారనీ పిరికివాళ్లనీ బ్రిటిషు సైన్యం తన సైనికులనే కాల్చి చంపింది. అలా చనిపోయిన 306 మందికి 2006లో గానీ క్షమాభిక్ష దక్కలేదు. వియత్నాం నుంచి వచ్చిన సైనికులు ఏళ్ల తరబడి పోరాడాక, 1980లో పీటీఎస్‌డీ అధికారిక జబ్బుల జాబితాకెక్కింది. ఎక్కడైనా కొట్లాడి సాధించుకున్నదే ఇది.

ఇక వైద్యం. ఈ జబ్బుకి మంచి వైద్యం ఉంది, జబ్బు బయటపడక ఆ వైద్యం అందడం లేదు. పరిశోధనల్లో ఎక్కువ బలం ఉన్నవి మాటతో చేసే చికిత్సలు. వాటిలో ఒకదాంట్లో జరిగినదాన్ని మళ్లీ మళ్లీ, పూర్తిగా, భద్రమైన చోట చెప్పిస్తారు. తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెల్లమెల్లగా పంపిస్తారు. ఇంకోదాంట్లో ఆ సంఘటన గురించి మనిషి మనసులో గట్టిపడిపోయిన నమ్మకాల్ని పన్నెండు వారాలపాటు ఒక్కొక్కటే విప్పి చూస్తారు. కళ్లని అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని నెమ్మదింపజేసే ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉంది. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ కొంతవరకు పని చేస్తాయి. పీడకలలకు ప్రాజోసిన్ అనే పాత బీపీ మందు ఇస్తారు. 2018లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా కనిపించలేదు. అయినా కొందరికి నిద్ర పట్టిస్తోందని డాక్టర్లు ఇంకా వాడుతున్నారు. ఆల్ప్రజోలం జాతి మందులు మాత్రం ఈ జబ్బుకి వద్దని అమెరికా సైనిక వైద్య మార్గదర్శకాలే గట్టిగా చెబుతున్నాయి. మనవాళ్లకు తేలిగ్గా దొరికేవి సరిగ్గా అవే.

మా మామయ్యకు దారి దొరికింది ఒక డాక్టరమ్మ వల్ల. బీపీ ఎందుకు తగ్గడం లేదో చూద్దామని మందుల చీటీ తిరగేసి, "బాబాయ్, ఈ నిద్రమాత్ర ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నారు? నిద్రలో ఏం కనిపిస్తుంది?" అని అడిగింది. ఆయన "ఏటీ లేదమ్మా" అన్నాడు. ఆమె వదల్లేదు, అత్తని లోపలికి పిలిచింది. అత్త చెప్పింది. ఆ నిద్రమాత్రని ఒక్కసారిగా ఆపకుండా కొన్ని నెలలపాటు కొంచెం కొంచెంగా తగ్గించారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. సెర్ట్రలిన్ మొదలుపెట్టారు. తర్వాత తెలుగు మాట్లాడే ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

ఆ సైకాలజిస్టు చేసిన పని నేను దగ్గర్నుంచి చూశాను, కొన్నిసార్లు మామయ్యని తీసుకెళ్లింది నేనే కాబట్టి. భయపెట్టేవాటిని తక్కువ భయం నుంచి ఎక్కువ భయం వరకూ ఒక కాగితం మీద రాయించింది. మొదట ఫోన్లో తాటిచెట్టు ఫొటో చూడాలి. తర్వాత భీమిలి బస్సులో తల ఎత్తి కూర్చోవాలి. తర్వాత తగరపువలస దాటాక రోడ్డు పక్కన దిగి, తోపుకి ఎదురుగా, గుండె దడ సగానికి తగ్గేవరకూ నిలబడాలి. ఆ రోజు అత్త కూడా వచ్చింది. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. "ఇక చాలు, వెళ్లిపోదాం" అని నాలుగైదుసార్లు అన్నాడు. అత్త ఏమీ అనకుండా పక్కనే నిలబడింది. ఒక గీత కార్మికుడు చెట్టు దిగి వచ్చి, ఏమయ్యా, ఏం చూస్తున్నారని అడిగాడు. మామయ్య అతనితో మాటల్లో పడ్డాడు. కల్లు ధర, ఎన్ని చెట్లు గీస్తాడు, మోకు ఎన్నాళ్లు ఆగుతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మాకు తెలియకుండానే తోపులోకి పది అడుగులు వేశాడు.

తాటిచెట్ల కన్నా కష్టమైంది ఇంకొకటి ఉంది. ఆ రోజు ముందు నడవాల్సింది మామయ్యే. బూటు లేసు కట్టుకోవడానికి ఆగితే స్నేహితుడు ముందుకెళ్లాడు. "వాడి పిల్లల అన్నం నేను తింటున్నాను" అన్న మాట ఆయన మనసులో అన్నేళ్లూ ఉంది. రమ్ము పోసుకున్నది ఆ మాట మీదే. దీన్ని భయం అనలేం. తను చేయని తప్పుకి తనే వేసుకున్న శిక్ష. ఏ మాత్రా దీన్ని తీసేయదు. సైకాలజిస్టు ఆయన్ని వాదించి ఓడించలేదు. మట్టి కింద ఏముందో ఆ క్షణంలో మీకు తెలుసా, అతనికి తెలుసా, పెట్టినవాడెవడు అని వారం వారం అడుగుతూ, జవాబులు ఆయన చేతే కాగితం మీద రాయించింది. ఇప్పుడు ఆ స్నేహితుడి పేరు ఇంట్లో వినిపిస్తుంది, అన్నం తినేటప్పుడు కూడా. దీపావళికి ఇప్పటికీ తలుపులు బిగించుకుంటాడు. పూర్తిగా నయమైందని నేను చెప్పను. రమ్ము మానేశాడు, రాత్రి ఐదు గంటలు నిద్రపోతున్నాడు.

ఇలాంటి సైకాలజిస్టులు ఎంతమంది ఉన్నారన్నది పెద్ద ప్రశ్నే. లక్ష మందికి ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది, క్లినికల్ సైకాలజిస్టులు ఇంకా తక్కువ. అయినా, కనిపెట్టాక వైద్యం కోసం వెయిటింగ్ లిస్టులో ఉండటం వేరు, ఏం జబ్బో తెలియకుండా తాగుబోతు అనిపించుకోవడం వేరు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. సర్వీసు వల్ల వచ్చిన వైకల్యానికి పెన్షన్ హక్కు ఉంది. మనసు జబ్బుని "సర్వీసుతో సంబంధం లేదు" అని తోసేయడం చాలా కేసుల్లో జరిగింది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది: చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే, తర్వాత వచ్చినదాన్ని సర్వీసు వల్ల వచ్చినట్టే భావించాలి, కాదని నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే. 2023లో నిబంధనలు మార్చారు కాబట్టి, ఆ తర్వాత బయటికి వచ్చినవాళ్లు తమకు ఏవి వర్తిస్తాయో కనుక్కోవాలి. డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాలు పారేయకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

సీఆర్‌పీఎఫ్, మావోయిస్టులతో పోరాడే గ్రేహౌండ్స్ పోలీసుల మాట ఎత్తకుండా ఈ వ్యాసం ముగించలేను. మన పక్కనే, 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద మావోయిస్టులు దాడి చేస్తే 38 మంది చనిపోయారు, ఎక్కువమంది మన గ్రేహౌండ్స్ కుర్రాళ్లే. 2010 ఏప్రిల్ 6న ఛత్తీస్‌గఢ్‌లోని తాడ్‌మెట్లలో 76 మంది, ఒకరు తప్ప అందరూ సీఆర్‌పీఎఫ్ వాళ్లే. ఈదుకుంటూ, పాకుకుంటూ బయటపడ్డవాళ్లు ఉన్నారు కదా. వాళ్లు చేసింది యుద్ధం కాదా? వాళ్లకు ఈసీహెచ్ఎస్ కార్డు ఉండదు. సైనికుడికి నేను అడుగుతున్న ఐదు ప్రశ్నలు వాళ్లకూ అడగాలి. పోలీసు ఆసుపత్రిలో, ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో, ఎక్కడ వీలైతే అక్కడ.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకు చివరగా రెండు మాటలు. 14416కి ఫోన్ చేస్తే టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ముందు మీరే చేసి మాట్లాడండి, ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. గార్డు ఉద్యోగం కోసం లైసెన్సు తుపాకి ఉన్న ఇల్లయితే, ఆయన చావు మాటలు మాట్లాడుతున్నా, మౌనంగా లెక్కలు తేల్చేస్తున్నా, ఆ తుపాకి ఇంట్లో ఉండకూడదు. పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయించండి. ఎన్నికలప్పుడు అందరూ చేసే పనే కాబట్టి వీధిలో ఎవరూ వింతగా చూడరు. మాజీ సైనికుల సంఘాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పైన రాసిన ఐదు ప్రశ్నల్నీ ఒక కాగితం మీద ప్రింటు తీయించి వచ్చే మీటింగులో పంచండి. భార్యలకు కూడా ఒక్కో కాపీ ఇవ్వండి.